ఒంటికాలి మాలూ

లెఆలా, సవాయీ దీవి
మార్చి, ఆదివారం

లఫాయెలే మామయ్యకు,
మీ మేనకోడలు లితారా నమస్కారాలు.

మీరు ఆక్లాండ్ చేరారని పాస్టరుగారి ఫోనుకు కబురొచ్చింది. సంతోషం. అయినా చెప్పాపెట్టకుండా ఆ పోవడమేమిటి మామయ్యా? సాయంత్రం ఫెతూ కాలి మీద పని ఆపి, "మిగతాది రేపు" అన్నారు. తెల్లారి లేచి చూస్తే మీరూ లేరు, మీ పనిముట్ల పెట్టె కూడా లేదు. "అక్కడెవరో పోయారట, మొదటి పడవకే ఎక్కేశాడు" అని అమ్మ అంది. పోయినవాళ్ళ పేరేమిటో మీరు మీ అక్కకు కూడా చెప్పలేదు.

ఇక్కడి సంగతి. మీరు జంటగా కూర్చోబెట్టిన ఇద్దరిలో మకెరీతాకు పచ్చబొట్టుతో రెండు కాళ్ళూ నిండాయి. ఫెతూకు కుడికాలు నిండింది, ఎడమకాలు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నూనె, పసుపు రాసి చేసే ముగింపు వేడుక ఇద్దరికీ కలిపే చెయ్యాలి కనుక అదీ ఆగిపోయింది. సిద్ధం చేసిన పసుపు మా అమ్మ మూతపెట్టి అటక మీద దాచింది.

మన ఊళ్ళో సగం పచ్చబొట్టుతో లేచినవాళ్ళను ఏమంటారో నేను మీకు చెప్పాలా? అందులోనూ ఫెతూ ఊరి పెద్ద మనుసీనాగారి కూతురు. అక్టోబరులో కొత్త చర్చి తెరిచే రోజున నాలుగూళ్ళ జనం ముందు ఆఖరి నాట్యం ఆడాల్సిన పిల్ల. నడుముకు చుట్టిన లావాలావా మోకాలి పైకి దోపి, తొడల మీది మాలూ పచ్చబొట్టు చూపించకుండా ఆ నాట్యం ఎలా ఆడుతుంది?

"నొప్పికి తట్టుకోలేక మానేసిందట" అని అప్పుడే మొదలుపెట్టారు. నేను పక్కనే ఉన్నాను కదా మామయ్యా. మీరు పచ్చబొట్టు దువ్వెన పళ్ళతో కొడుతుంటే చర్మం సాగదీసి పట్టుకున్నది ఈ చేతులే. ఆ పిల్ల కిక్కురుమనలేదు. 

ఎప్పుడొస్తారో రాయండి. తేదీ రాయండి. "త్వరలో" అని రాయకండి.

లితారా


మాంగెరె, ఆక్లాండ్
ఏప్రిల్

కోడలు పిల్లా,

నీ ఉత్తరం చూస్తే నాకు మేనకోడలు రాసినట్టు లేదు, పోలీసు రాసినట్టుంది.

ఇక్కడ చలి. మా అమ్మాయి ఎసెతా తన ఉన్ని కోటు నాకు తొడిగింది. దానికి పూల బొత్తాలు. ఊళ్ళో ఎవరికైనా చెప్పావో, తిరిగొచ్చాక నీ చెవి మెలేస్తాను.

పని తెగ ఉంది. మన కుర్రాళ్ళు కారు షెడ్డుల్లో చాపలు పరిచి, అమ్మానాన్నల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని నడుం నుంచి మోకాలి దాకా వేయించుకుంటున్నారు. ఇక్కడ పుట్టి, మన మాట సరిగా పలకలేనివాడు కూడా, "తుఫుగాగారూ, ముందు నాకు" అంటూ క్యూ కడుతున్నాడు. పచ్చబొట్లేసే గురువును పిలిచే తుఫుగా అన్న మాట ఒక్కటి మాత్రం తప్పులేకుండా పలుకుతున్నారు. ఇంత మందిని కాదని ఎలా రాను?

మనుసీనాకు చెప్పు, లఫాయెలే మొదలుపెట్టిన పని లఫాయెలే ముగిస్తాడు. మా నాన్న సగం పని వదిలినవాడు కాదు, నేనూ కాదు. లోకులు పలుగాకులు, వాళ్ళ కూతలకేం. జూన్‌లో చూద్దాం.

నా పెద్ద పంది ఎలా ఉంది? దానికి కొబ్బరి తగ్గించకు.

మామయ్య


లెఆలా
మే

మామయ్యకు,

మీ "జూన్‌లో చూద్దాం" మనుసీనాగారికి చెప్పాను. ఆయన తాగుతున్న కోకో కప్పు కింద పెట్టారు. అంతే. ఆ మర్నాడే పడవెక్కి ఉపోలు దీవిలో మరో తుఫుగా దగ్గరికి వెళ్ళారు. ఆయన కూర్చోబెట్టి భోజనం పెట్టి, "లఫాయెలే బతికున్నాడా?" అని అడిగాడట. ఉన్నాడనగానే, "అయితే ఆయన మొదలుపెట్టినదాని మీద నేను చెయ్యి వెయ్యను. ఆయన ఇంటివాళ్ళే ముగించాలి" అన్నాడట. మనుసీనాగారు వెళ్ళినట్టే తిరిగొచ్చారు.

ఫెతూకు ఊళ్ళో కొత్త పేరు పెట్టారు. ఒంటికాలి ఫెతూ. బస్సు దిగుతుంటే కుర్రకుంకలు ఒంటికాలి మీద గెంతి చూపిస్తున్నారు. మొన్న నీళ్ళ దగ్గర ఒక పెద్దావిడ, "మా రోజుల్లో ఆడపిల్లలు పళ్ళ బిగువున భరించేవాళ్ళమ్మా" అంది. ఫెతూ నవ్వి, "అవును అమ్మమ్మా" అని బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఇంటికొచ్చాక నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. దువ్వెన దెబ్బలకు ఏడవని పిల్ల మాటలకు ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది మామయ్యా.

మకెరీతా ఒట్టు పెట్టుకుంది. జంటలో రెండోది పూర్తయ్యేదాకా తన మాలూ ఎవరికీ చూపించదట. చీలమండల దాకా లావాలావా చుట్టుకుని తిరుగుతోంది. పెళ్ళిలో నాట్యం చెయ్యమంటే, "నాకూ ఒంటికాలే" అని కూర్చుంది. జంటంటే అదీ.

ఊరికే తెలుసుకుందామని ఒక మాట. సన్నగీత దువ్వెనకు పళ్ళు ఎంత వాడిగా ఉండాలి? తాబేటి చిప్పకు కట్టేటప్పుడు దారం తడిపి కట్టాలా, పొడిగానా? మసిలో కొబ్బరినీళ్ళు ముందు పోస్తారా, చివర పోస్తారా?

మీ పెద్ద పంది పోయింది. నాన్న తరఫు తాతగారి అంత్యక్రియలకు మన ఇంటి వంతుగా ఇవ్వాల్సి వచ్చింది. మాంసం మెత్తగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

లితారా


మాంగెరె
జూన్

లితారా!

నా పంది!

దాని కోరలు ఎక్కడ? అబద్ధం చెప్పకు. ఊరికే తెలుసుకుందామని ఎవరైనా దారం తడపాలా వద్దా అని అడుగుతారా? వంట చెయ్యనివాడికి ఉప్పెంతో ఎందుకు? నువ్వు దువ్వెన చేస్తున్నావు. నా పంది కోరతో దువ్వెన చేస్తున్నావు.

వెంటనే ఆపు. చర్మం పట్టడం వేరు, కొట్టడం వేరు. ఆడపిల్లల పనికి చర్మం పట్టేందుకు ఆడది ఉంటే బావుంటుందని నిన్ను కూర్చోబెట్టాను. నీకు ఓపిక ఉంది, బలం ఉంది, ఒప్పుకుంటాను. అంతమాత్రాన మన వంశంలో ఏ ఆడదీ పట్టని దువ్వెన నువ్వు పడతావా? ఒక్క దెబ్బ లోతైతే చీము పడుతుంది. ఒక్క గీత వంకర పోతే ఆ పిల్ల చచ్చేదాకా ఆ వంకర మోస్తుంది, మన ఇంటి పేరూ దానితోపాటు మోస్తుంది. 

ఈ నెల రాలేను. విమానం టిక్కెట్లు దొరకడంలేదు. పైగా ఇక్కడ వానలు.

దారం తడిపే కట్టాలి. తెలుసుకోవడానికి మాత్రమే చెబుతున్నాను.

లఫాయెలే


లెఆలా
జూలై

మామయ్యకు,

వానలకూ విమానం టిక్కెట్లకూ సంబంధమేమిటి? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ ఉత్తరం.

నేను దాచినదొకటి ఉంది, మీరు దాచినదొకటి ఉంది. నాది ముందు చెబుతాను.

దువ్వెనలు చేశాను. మొదటిది విరిగింది, రెండోది వంకర పోయింది, మూడోది పలికింది. అరటిబోదె మీద కొట్టాను, పంది తోలు మీద కొట్టాను. ఒకరోజు మకెరీతా వచ్చి చూసి, చేతులు రెండూ చాపి, "బోదెతో ఏం పని? నావి ఉన్నాయిగా" అంది. ఆమె చేతుల వెనక, వేళ్ళ మీద వేశాను. చర్మం ఫెతూ పట్టింది. మధ్యలో ఒకసారి మాత్రం మకెరీతా, "లితారా, నువ్వు నాలుక బయటపెట్టి కొడుతున్నావు, ఈగలు వాల్తాయి" అంది.

వాపు తగ్గాక అమ్మకు చూపించాం. ఒకసారి చూసింది. లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకొచ్చి మళ్ళీ చూసింది. "ఇది మా నాన్న చెయ్యి" అంది. మీ నాన్న కూడా కదా మామయ్యా, అందుకే మీకు రాస్తున్నాను.

ఏ ఆడదీ పట్టని దువ్వెన అన్నారు. ఫిజీ నుంచి ఈ విద్యను, పనిముట్ల బుట్టతో సహా, సముద్రంలో ఈదుకుంటూ మోసుకొచ్చింది అక్కచెల్లెళ్ళే అని చిన్నప్పుడు నాకు కథ చెప్పిందెవరు? దారంతా బుట్ట మొయ్యడానికి పనికొచ్చినవాళ్ళు, ఒడ్డుకొచ్చాక బుట్ట విప్పడానికి పనికిరారా?

ఇక మీ సంగతి.

ఆ రోజు నా రెండు అరచేతులూ ఫెతూ తొడమీదే ఉన్నాయి. మీరు కొట్టే ప్రతి దెబ్బా నా చేతుల్లోంచే పోతుంది. మోకాలి పైన చివరి వరుస దగ్గర దువ్వెన ఒక పక్కకు వాలింది. మీరు దగ్గారు. పట్టు మార్చుకున్నారు. మళ్ళీ వాలింది. మీ ఎడమచెయ్యి వినడంలేదు. మీ ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది, అందుకని దువ్వెననే చూశాను. అది ఎటు వాలితే చర్మాన్ని అటు జరుపుతూ పోయాను. ఆ వరుస తిన్నగా ఉంది. ఎవరికైనా చూపించండి, తిన్నగానే ఉంది.

అక్కడెవరూ పోలేదు. మీరు భయపడి వెళ్ళారు. దానికి మిమ్మల్ని తప్పుపట్టను. కానీ మీరు నోరు విప్పకపోవడంవల్ల ఇక్కడ ఒక పిల్ల పిరికిదన్న పేరు మోస్తోంది. అది మాత్రం నేను ఒప్పుకోను. మనుసీనాగారికి నిజం రాయండి. మీరు రాయకపోతే నేను చెబుతాను. మీరు చెబితేనే బావుంటుంది.

ఎడమకాలు నేను వెయ్యగలను. గొప్పలకు అనడంలేదు. వెయ్యగలను కాబట్టి అంటున్నాను.

లితారా


మాంగెరె
ఆగస్టు

కోడలా,

ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపడం, ఇదే పనిగా ఉన్నాను. ఎసెతా విసుక్కుంది, "నాన్నా, కాగితాలు ఊరికే రావు" అని.

నువ్వు చర్మం జరిపావా?

ఆ రోజు పని ఆపాక ఆ వరుస చూశాను. తిన్నగా ఉంది. నా చేతిలో దువ్వెన వాలడం నాకు తెలుసు, వరుసేమో తిన్నగా ఉంది. పడవలో, విమానంలో, ఇక్కడ మంచం మీద పడుకునీ అదే ఆలోచన. చెయ్యి పోలేదు, పోతే ఆ గీత అలా ఎలా వస్తుంది అనుకున్నాను. దేవుడు పట్టుకుని నడిపించాడనుకున్నాను. ఇన్ని నెలలూ ఆ ఒక్క వరుసనే నమ్ముకుని బతికాను. అది నువ్వన్నమాట.

షెడ్డుల్లో పని అన్నది అబద్ధం. కుర్రాళ్ళు వచ్చిన మాట నిజం, నేను ఒక్కడికీ వెయ్యలేదు. పనిముట్ల పెట్టె మంచం కింద ఉంది, మూత తియ్యలేదు. మెదడులో సన్నటి నరమేదో మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. చెయ్యి కొంత వచ్చింది. అరచేత్తో గట్టిగా అదమగలను, ఎసెతా రొట్టెపిండి నాచేతే పిసికిస్తోంది. కానీ దువ్వెన పట్టుకునే సన్నటి పట్టు రాదట. రాదని ఆ డాక్టరమ్మ ఎంత మామూలుగా చెప్పిందో! బజారులో టారో దుంపలు లేవని చెప్పినట్టు చెప్పింది.

నాకు సిగ్గేసింది లితారా. ఊళ్ళో నడిచే మగాళ్ళలో సగం మంది నడుం మీద నా చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఇలా వేలాడుతుంటే వాళ్ళు చూడటం నాకిష్టం లేకపోయింది. ఇప్పుడు నా సిగ్గు ఆ పసిదాని మీద పడిందని రాశావు. ఒంటికాలి మీద గెంతుతున్నారని రాశావు. చదివి చాలాసేపు ఏడ్చాను. పూల బొత్తాల కోటు వేసుకుని ఏడ్చే ముసలాణ్ణి చూసి మనవలు భయపడ్డారు.

మనుసీనాకు ఈ టపాలోనే రాశాను. ఊరి సభలో అందరిముందూ చదివించమన్నాను. ఫెతూ కదలలేదు, ఏడవలేదు, ఆగింది నా చెయ్యి అని రాశాను.

దువ్వెన సంగతి నన్నిప్పుడు అడగకు.

మామయ్య


లెఆలా
సెప్టెంబరు

మామయ్యకు,

మీ ఉత్తరం సభలో చదివారు. చదివింది మనుసీనాగారే, ఎవరికీ ఇవ్వలేదు. "ఆగింది నా చెయ్యి" అన్న మాట ఆయన వెనక్కొచ్చి మళ్ళీ చదివారు. తర్వాత ఆ నీళ్ళ దగ్గరి పెద్దావిడ భర్త లేచి, "మా ఇంటి నోరు కూడా కొంచెం ఎక్కువైంది" అని కూర్చున్నాడు.

అక్కడితో సరిపోదని అమ్మ అంది. "తప్పు మనింటిది, తల వంచాల్సింది మనమే." మర్నాడు పొద్దున్నే పెట్టెలోంచి మన ఇంటి మేలిచాప తీసింది. అమ్మమ్మ పెళ్ళినాటిది. ఇద్దరం మనుసీనాగారి ఇంటి ముందు నేల మీద కూర్చుని ఆ చాప తలల మీద కప్పుకున్నాం. ఆయన వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు, ఎత్తకపోతే అక్కడే. ఎండ ఎక్కింది. చాప కింద అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. "మీ మామయ్య చిన్నప్పుడు కూడా ఇంతే, కుండ పగలగొట్టి కొబ్బరిచెట్టెక్కి కూర్చునేవాడు. తిట్లన్నీ నాకు" అని గొణిగింది అమ్మ. నాకు నవ్వు ఆగలేదు. క్షమించమని కూర్చున్నవాళ్ళు నవ్వకూడదు కదా, చాప అదిరిపోయింది.

అప్పుడే మనుసీనాగారు చాప ఎత్తారు. మేం ఏడుస్తున్నామనుకున్నారేమో పాపం. "లోపలికి రండమ్మా, ఎండ" అన్నారు. వెనక నుంచి ఫెతూ తొంగిచూసి అడిగింది, "లితారా, నా ఎడమకాలు ఎప్పుడు?"

తండ్రి ముఖం మాడిపోయింది. "ఆడపిల్ల కొట్టిన మాలూతో నా కూతురు ఆడితే పక్క ఊళ్ళవాళ్ళేమంటారు?"

"మోకాలు చూసి అనమనండి నాన్నా. చూడకుండా అన్న మాటలు ఇన్నాళ్ళూ విన్నాం కదా."

ఫెతూ పక్కనే ఉన్న మకెరీతా ముందుకొచ్చి తన చేతులు ఆయన ముందు పెట్టింది. ఆయన కూడా అమ్మలాగే కళ్ళజోడు తెచ్చుకున్నారు. చాలాసేపు చూశారు. చివరికి, "లఫాయెలే మొదలుపెట్టిన పని ఇది. లఫాయెలే తన నోటితో సరే అంటే సరే. అనకపోతే చర్చి రోజున ఆఖరి నాట్యం పక్క ఊరి పిల్ల చేస్తుంది, నా కూతురు వంటల దగ్గర కూర్చుంటుంది" అన్నారు.

ఇక మీదే మాట మామయ్యా. ఎడమ తొడ, మోకాలు, మోకాలి వెనక మడతలో ఆ నాలుగు మూలల గుర్తు. మాలూ అంటేనే ఆ గుర్తు, అది ఎంత మెత్తటి చోటో నాకు తెలుసు. అక్కడ ఎంత తేలికగా కొట్టాలో కూడా తెలుసు, అంతకాలం మీ ఎదురుగా కూర్చున్నాను కనుక. నా చెయ్యి వణకదు. మీరు కాదంటే దువ్వెనలు మూటగట్టి మీ పెట్టె వచ్చాక అందులో పెట్టేస్తాను, ఇంకెప్పుడూ అడగను. కానీ కాదనడానికి కారణం నేను ఆడదాన్నవడమే అయితే అది రాయకండి. వేరే ఏదైనా రాయండి.

లితారా


మాంగెరె
సెప్టెంబరు చివర

లెఆలా ఊరి తుఫుగా లితారాకు,
లఫాయెలే నమస్కారాలు.

పైన రాసిన మాట మనుసీనాకు చూపించు. నా నోటి మాట అదే. ఇదే మాట పాస్టరుగారి ఫోనులో కూడా చెప్పాను, ఆయన రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

ఉత్తరం మీద ఆ పేరు రాయడానికి నాకు రెండు రోజులు పట్టిందని నీతో అబద్ధమాడను. మా నాన్న నాకు దువ్వెన ఇచ్చిన రోజున, నా తర్వాత ఎవరికివ్వాలని అడిగాను. "చెయ్యి చెబుతుంది, చూస్తూ ఉండు" అన్నాడు. నేను కొడుకుల చేతులు చూశాను, అల్లుళ్ళ చేతులు చూశాను. ఎదురుగా చర్మం పట్టుకున్న చేతుల్ని చూడలేదు.

నువ్వు అంతా రాశావు, ఒక్కటి రాయలేదు. నువ్వు కొడితే చర్మం ఎవరు పడతారు? ఫెతూ తన కాలు తాను పట్టుకోలేదు. మకెరీతా మనసు మంచిదే కానీ, జంటపిల్ల కన్నీళ్ళు చూస్తే ఆమె చేతులు సడలిపోతాయి. మోకాలి మడత దగ్గర చర్మం జారుతుంది, అక్కడ బరువైన చెయ్యి కావాలి. దువ్వెన ఎటు వెళ్ళబోతోందో దెబ్బ పడకముందే తెలిసిన మనిషి కావాలి.

బుధవారం విమానానికి ఎసెతా టిక్కెట్టు కొన్నది. శుక్రవారం పడవకు వస్తాను. ఊరివాళ్ళు నా చెయ్యి చూస్తే చూడనీ.

సోమవారం పొద్దున చాప పరిపించు. నీ చోట నేను కూర్చుంటాను, నా చోట నువ్వు కూర్చో. నేను అదిమి పట్టుకుంటాను. నువ్వు కొట్టు.

లఫాయెలే